ఒంటిచెప్పు వాంగ్మూలం

మన స్కూల్ బ్యాచ్ కలయిక సంచిక కమిటీ వాళ్లు వాట్సాప్‌లో మూడుసార్లు అడిగారు. నాలుగోసారి పులిహోర (ఇందులో అన్నీ మన క్లాసు ముద్దుపేర్లే) ఫోన్ చేసి, "నువ్వు రాయకపోతే నీ గురించి మేమే రాసేస్తాం" అన్నాడు. వాడు రాస్తే ఏం రాస్తాడో తెలుసు కాబట్టి నేనే కూర్చున్నాను.

ఆరో క్లాసు నుంచి తొమ్మిది దాకా స్కూల్లో ఏం చేశానో నిజంగా గుర్తు లేదు. గంటకి బదులు వేలాడదీసిన రైలుపట్టా ముక్క గుర్తుంది. తాబేలు, జడకుచ్చుల కేసు గుర్తుంది గానీ, అది రాయనని ఇద్దరికీ మాటిచ్చాను. ఇద్దరూ ఇప్పుడు అమ్మమ్మ, తాతయ్యలు. ఇక మిగిలింది బొర్రా.

1986 డిసెంబరు. మనిషికి పాతిక రూపాయలు. పేరుకి అరకు ట్రిప్పు. సోషల్ మాస్టారు ఖర్చులు లెక్కవేసి, "అరకు ఎక్కడికీ పారిపోదు, ముందు గుహలు చూడండి" అని అందర్నీ బొర్రాలోనే దింపేశారు. మనలో సగం మంది ఇంటికెళ్లి అరకు చూశామనే చెప్పారు. చందమామ అయితే అక్కడ మంచు పడిందని కూడా చెప్పింది.

కిరండూల్ ప్యాసింజర్ బొడ్డవర దాటి ఘాట్ ఎక్కడం మొదలెట్టాక అసలు గోల మొదలైంది. కేకే (కొత్తవలస-కిరండూల్) లైను మీద మొత్తం 58 సొరంగాలని మాస్టారు క్లాసులో చెప్పి ఉన్నారు. బొర్రా దాకా ఎన్ని వస్తాయో లెక్కపెట్టమన్నారు. సొరంగం వచ్చిన ప్రతిసారీ చీకట్లో అరుపులు, ఎవరి నెత్తి మీదో ఎవరిదో మొట్టికాయ, వెలుగొచ్చేసరికి అందరూ బుద్ధిమంతులు. ఏ ఇద్దరి లెక్కా కలవలేదు. "మళ్లీ లెక్కపెట్టండి" అన్నారు మాస్టారు. వెళ్లిపోయిన సొరంగాలు మళ్లీ ఎలా లెక్కపెడతాం? ఆయనకి ఆ మాట ఊతపదం. పిల్లల తలలు, పెరుగన్నం పొట్లాలు, గొడుగు పుల్లలు, అన్నీ రెండుసార్లు లెక్కపెట్టాల్సిందే.

గుహలో ఇప్పటిలా రంగుల లైట్లు లేవు. ముందు కాగడా, వెనక మనం, పైన గబ్బిలాలు. నీటిబొట్టులో కరిగొచ్చిన సున్నం కొంచెం కొంచెంగా పేరుకుని ఈ రాళ్లు పెరిగాయని, దానికి వేల ఏళ్లు పడుతుందని ఆయన చెప్తుంటే గెడ్డం నెమ్మదిగా, "మా చెల్లి జడలాగన్నమాట" అన్నాడు. మాస్టారు వెనక్కి తిరగకుండానే, "నీ బుర్ర కూడా బొర్రాయేరా, లోపలంతా ఖాళీ" అన్నారు. ఆ కేక మూడుసార్లు తిరిగి వినిపించింది.

ఇక చెప్పు సంగతి. మధ్యాహ్నం భోజనాలయ్యాక గోస్తని వాగులో దిగాం. మా అన్నయ్య కొత్త చెప్పులు అడక్కుండా వేసుకొచ్చాను. ఎడమది కొట్టుకుపోయింది. దాన్ని వెతకడానికి నాతో ఏడుగురు వచ్చారు. మీ అందరికీ తెలిసిన కథ ఏమిటంటే, ఆ వెతుకులాటలోనే టైమైపోయి బండి తప్పిపోయిందని.

చెప్పు ఐదు నిమిషాల్లో దొరికింది. రెండు రాళ్ల మధ్య ఇరుక్కుని ఉంది.

ఆ తర్వాత ఒక ముసలమ్మ దగ్గర జామకాయలు కొన్నాం. రాయి మీద కూర్చుని, ఉప్పూకారం అద్దుకుని, ఎనిమిది మందిమీ పూర్తిగా తిన్నాం. మధ్యలో బండి కూత వినబడింది. "గూడ్సురా" అన్నాడు లెఫ్ట్‌హ్యాండ్. పొద్దున్నుంచీ అదే చూస్తున్నాం. ఖాళీ ర్యాకులు పైకి పోతున్నాయి, బైలడిల్లా గనుల ఇనుప ఖనిజంతో లోడ్లు పోర్టుకి దిగుతున్నాయి. ఏ కూత వినబడినా గూడ్సే అనుకున్నాం. ఈ కూత మాత్రం మనదే.

స్టేషన్‌కి పరిగెత్తుకొచ్చేసరికి బండి కదిలింది. ఆఖరి పెట్టెలోంచి గార్డు పచ్చజెండా చూపిస్తూ పోతున్నాడు. ప్లాట్‌ఫారం మీద మాస్టారు ఒక్కరే, చేతిలో గొడుగుతో. ఆయన ఎక్కి, లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి, ముప్పై నాలుగే తేలేసరికి మిగతావాళ్లని తెలుగు మేడంకి అప్పగించి కదిలే బండిలోంచి దిగేశారు. మోచెయ్యి గీరుకుపోయింది.

"ఏట్రా?" అన్నారు. అంతే.

నేను ఏడుపు మొహం పెట్టి ఎడమకాలు చూపించాను. చెప్పు సంచిలో ఉంది, తువ్వాలు కింద. జామకాయల సంగతి బయటపడకూడదంటే చెప్పు దొరక్కూడదు మరి.

స్టేషన్ మాస్టారు కంట్రోల్ ఫోనులో విశాఖపట్నానికి కబురు పంపారు. "ఎనిమిది మంది పిల్లలు, ఒక మాస్టారు, క్షేమం." ఆ నల్ల ఫోను, ఆయన దాంట్లోకి అరిచిన అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ రాత్రి విశాఖ ప్లాట్‌ఫారం మీద మా నాన్న గుండె ఆగకుండా ఉందంటే ఆ కబురు వల్లే. పోర్టరు మాత్రం "ఇంకేటి మాస్టారూ, బండెల్లిపోనాది, రోడ్డెక్కీండి" అన్నాడు.

మెయిన్ రోడ్డు దాకా నడిచాం. చలి, చీకటి, కంకర. పది అడుగులు వేశానో లేదో మాస్టారు ఆగి, తన తోలుచెప్పులు విప్పి నా ముందు పెట్టారు. వద్దన్నాను. "వేసుకో, నాకు అలవాటే" అన్నారు. నాకు రెండంగుళాలు పెద్దవి. టపటపా కొట్టుకుంటూ ఆ చెప్పుల్లో నేను, నా వెనక కంకర మీద వట్టికాళ్లతో ఆయన. సంచి నా వీపు మీదే. ఎనిమిది మందిమీ ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం గానీ ఎవ్వరూ నోరు విప్పలేదు. ఆ తర్వాత కూడా విప్పలేదు.

ఒక అల్లం లారీవాడు ఆపాడు. బస్తాల మీద పడుకుని ఎస్.కోట, కొత్తవలస, పెందుర్తి మీదుగా ఊళ్లోకి దిగేసరికి ఒంటిగంట దాటింది. మర్నాడు హెడ్మాస్టరు గదిలో ఆయన, "నా వాచీ వెనకబడిందండి, పిల్లల తప్పేం లేదు" అన్నారట. కిటికీ పక్కన నిలబడి విన్నది తాబేలు. అల్లం పచ్చడి నేను ఇప్పటికీ తినను. మా ఆవిడకి కారణం చెప్పలేదు.

మీలో చాలామంది డాలర్లు లెక్కపెట్టుకుంటున్నారు, సంతోషం. నేను రైల్వేలో గార్డునయ్యాను. 2022లో మాకు ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు, ఇంట్లో మాత్రం గార్డునే. చాలా ఏళ్లు కేకే లైను మీదే తిరిగాను. ఖనిజం లోడుతో ఘాట్ దిగే రాత్రి, ఆఖరి బ్రేక్‌వ్యాన్‌లో ఒక్కణ్ణే, బొర్రా స్టేషన్ దాటుతుంటే ప్లాట్‌ఫారం మీదకి చూడకుండా ఒక్కసారీ ఉండలేకపోయాను. గోపాలపట్నంలో సొంతిల్లు కట్టుకున్నాను. పెద్దమ్మాయి డాక్టరు. ఇంతకంటే రాస్తే పులిహోర ఊరుకోడు.

2017లో అరకు బండికి అద్దాల పెట్టె తగిలించాక మాస్టారిని అందులో తీసుకెళ్లాను. ఆ రోజు చెప్పేద్దామనుకున్నాను. బొర్రా వచ్చింది. "దిగుదామా మాస్టారూ?" అంటే, "నువ్వు దిగితే బండి తప్పిస్తావు, కూర్చో" అని నవ్వారు. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. ఈ సంచిక ఆయనకీ ఇస్తారట. అందుకే ఇక్కడ రాశాను. మాస్టారూ, చెప్పు నా సంచిలోనే ఉందండి.

జనవరిలో మన కలయికకి ఆయన వస్తానన్నారు. ఎనభై మూడేళ్లు. చెవి కాస్త మందగించింది. మొన్న ఫోన్‌లో, "ఎంతమంది వస్తున్నార్రా?" అని అడిగారు.

"ముప్పై ఏడుగురం మాస్టారూ."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను.

"నలభై రెండు కదరా," అన్నారు. "మళ్లీ లెక్కపెట్టు."