రాయి తిప్పి చూస్తే తెలిసే నది

పగలు పదకొండింటికి జీపు దిగి, సీసాలో నీళ్లు పట్టి, ప్రయోగశాలకు పంపి, నెలకోసారి వచ్చే ఆ ఒక్క అంకెతో నది ఆరోగ్యాన్ని తేల్చేయడం నాకు మింగుడుపడదు. ఆ అంకె అబద్ధమని నేను అనడం లేదు. నీళ్లు పట్టిన ఆ క్షణానికి అది నిజమే. కానీ నదిలో బతికే ప్రాణులకు తెల్లవారుజాము ఉంటుంది, మే నెల ఉంటుంది, చుక్క నీరు పారని వారాలు ఉంటాయి. వాటన్నిటినీ దాటి ఏ ప్రాణులు మిగిలాయో చూస్తేనే నది ఎలా ఉందో తెలుస్తుందని నా నమ్మకం. కర్నూలులో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతూ, వాళ్లను వెంటబెట్టుకుని హంద్రీ గట్ల మీద, తుంగభద్ర ఒడ్డున తిరుగుతూ ఏర్పరచుకున్న నమ్మకం ఇది.

మద్దికెర పొలాల్లో పుట్టిన హంద్రీ, గాజులదిన్నె జలాశయం దగ్గర ఆగి, మిగిలిన నీటితో కర్నూలు చేరి తుంగభద్రలో కలుస్తుంది. పాత ఊరంతా ఈ రెండు నదుల నడుమే ఉంది. 2009 అక్టోబరు 2న నీళ్లు ఇళ్ల మీదుగా పారిన సంగతి ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. వరద నాడు నది వైపు చూసిన ఊరు మిగతా రోజుల్లో దానికి వీపు పెట్టి కూర్చుంది. ఇళ్ల వెనక గోడలు, మురుగు కాలువల నోళ్లు, చెత్త కుప్పలు, అన్నీ హంద్రీ వైపే. వేసవిలో ఊరి మధ్య హంద్రీలో కదిలే నీరు ఏటి నీరు కాదు, మనం ఇళ్లలో వాడి వదిలిన నీరు. దాని మీద గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుని ఉంటుంది. దూరం నుంచి చూసినవాళ్లు ఆ పచ్చదనాన్ని చూసి సంతోషిస్తారు. నాకు మాత్రం కడుపు తరుక్కుపోతుంది.

తెల్లవారుజాము సంగతి నాకు చెప్పింది సంగమం దగ్గర వల వేసే ఒక పెద్దాయన. పిల్లలు సీసాల్లో నీళ్లు పడుతుంటే చాలాసేపు చూసి అన్నాడు: "చేపలు తేలేది తెల్లారేముందమ్మా. మీరు వచ్చేసరికి ఎండెక్కి, అన్నీ లోపలికి పోయుంటాయి."

నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలవడానికి మేము ఇప్పటికీ వింక్లర్ పద్ధతినే వాడతాం. హంగేరీ రసాయన శాస్త్రవేత్త లాయోష్ వింక్లర్ 1888లో ప్రకటించిన పద్ధతి అది. మీటర్లు వచ్చాయి, మంచివే. కానీ పిల్లలకు కంటితో చూపించడానికి దీన్ని మించింది లేదు. 300 మిల్లీలీటర్ల గాజు సీసాలో గాలిబుడగ చిక్కకుండా నీళ్లు నింపాలి. మాంగనీస్ సల్ఫేటు ద్రావణం, ఆ వెంటనే క్షార అయోడైడ్ ద్రావణం సీసా అడుగున వదలాలి. మూత బిగించి తలకిందులుగా తిప్పాలి. నీటిలో ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి కడుతుంది. లేకపోతే ఆ మడ్డి తెల్లగానే ఉండిపోతుంది. తర్వాత ఆమ్లం వేసి, గంజి కలిపి, థయోసల్ఫేటుతో తేల్చే అంకెలు కాలేజీకి వచ్చాక చూసుకునేవి. ఒడ్డున నిలబడ్డప్పుడు మాత్రం ఆ రంగే చాలు.

హంద్రీలో ఒకే చోట, ఒకే రోజు, ఎండ మీద ఉన్నప్పుడు పట్టిన సీసాలో చిక్కటి గోధుమరంగు వచ్చింది. అంతకుముందు చీకట్లో పట్టిన సీసాలో మడ్డి తెల్లగా ఉంది. రెండు సీసాలనూ పక్కపక్కన పెట్టినప్పుడు పిల్లల్లో ఒక్కరూ మాట్లాడలేదు.

కారణం పాఠ్యపుస్తకంలోనే ఉంది. మురుగులోని నత్రజని, భాస్వరం తిని నాచు బలిసిపోతుంది. ఎండలో ఆ నాచు ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి నది చక్కగా ఉన్నట్టు కనిపిస్తుంది. పొద్దు వాలాక ఆక్సిజన్ తయారీ ఆగిపోతుంది. నాచు కూడా ఊపిరి పీల్చుకోవాలి, మురికిని తినే బాక్టీరియా కూడా ఊపిరి పీల్చుకోవాలి. రాత్రంతా వాడుకోగా మిగిలే ఆక్సిజన్ తెల్లవారేముందు అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది. చేపలు నీటి పైపొరలో నోళ్లు తెరుచుకుని తిరిగేది అప్పుడే. చేపలకు, వన్యప్రాణులకు లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు, మనుషుల స్నానానికి 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొలతలు పెట్టింది. ఆ కొలత పగలు తప్పితే చేప పక్కకు ఈదిపోవచ్చు. తెల్లవారుజామున తప్పితే దానికి పోయేందుకు చోటు కూడా దొరకదు. హంద్రీలో ఇంకా దొరికే చేపల పేర్లు అడగండి: మార్పు, కొర్రమీను. రెండూ నీటి పైకి వచ్చి గాలి పీల్చుకోగలవు. వేరేవాటి పేర్లు వల వేసేవాళ్ల జ్ఞాపకాల్లోనే వినిపిస్తాయి.

మా ప్రాంతపు నదులకు మరో కష్టం ఉంది. నీరు వేడెక్కే కొద్దీ అందులో పట్టే ఆక్సిజన్ తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టే చోట, 30 డిగ్రీలకు ఏడున్నర మాత్రమే పడుతుంది. కాబట్టి కర్నూలు ఎండల్లో ఏ మురుగూ కలవని శుభ్రమైన నీటికి కూడా మిగులు తక్కువే. చల్లని దేశంలో నది తట్టుకోగలిగినంత మురుగును మన నది తట్టుకోలేదు.

ఇక రాళ్ల సంగతి. పిల్లలకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, నాకూ అంతే. హంద్రీలో చూసింది చూశాక వాళ్లను తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ దిగువకు, నీళ్లు రాళ్ల మధ్య గలగలమంటూ పారే చోటికి తీసుకెళతాను. మోకాలి లోతు నీటిలో నిలబడి, ఒక రాయిని మెల్లగా పైకెత్తి, అడుగు పక్కను తెల్ల ట్రేలో కడిగితే చాలు. తోక దగ్గర మూడు పోగులతో, పొట్ట పక్కల ఈకల్లాంటి మొప్పలు ఆడిస్తూ మేఫ్లై పిల్లపురుగులు కనిపిస్తాయి. సన్నటి ఇసుక రేణువులను తన నోటి నుంచి తీసే పట్టుదారంతో అతికించుకుని గూడు కట్టుకున్న క్యాడిస్ పురుగు కనిపిస్తుంది. తూనీగ పిల్లలు దవడలు చాచి వేటకు కాచుకుని ఉంటాయి. ఆకాశంలో ఎగిరే తూనీగ బాల్యమంతా నీటి కింద గడిపిందని తెలిసినప్పుడు పల్లెల నుంచి వచ్చిన పిల్లలు కూడా ఆశ్చర్యపోతారు. ఈ పురుగులు వారాల తరబడి, కొన్ని నెలల తరబడి నీటిలోనే ఉంటాయి. ఈ మధ్యలో ఒక్క రాత్రి విషపు నీరు వచ్చినా సున్నితమైనవి చచ్చిపోతాయి. మర్నాటికి నీరు తేటపడుతుంది, సీసాకు ఏమీ దొరకదు. రాయి కింద మాత్రం ఖాళీ కనిపిస్తుంది.

అదే పని హంద్రీలో చేస్తే ట్రే నిండా ఎర్ర పురుగులు. కైరోనమిడ్ ఈగల పిల్లలు అవి. మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ లాంటిదే వాటిలోనూ ఉంది కాబట్టి అంత ఎరుపు, కాబట్టే ఆక్సిజన్ దాదాపు లేని బురదలో కూడా బతుకుతాయి. వాటితో పాటు ట్యూబిఫెక్స్ పురుగులు, జలగలు, తోకలాంటి గొట్టాన్ని నీటి పైకి చాచి గాలి పీల్చే ఒక రకం ఈగ పురుగులు. లెక్కకు ప్రాణులు బోలెడు, జాతులు మాత్రం గుప్పెడు. అమెరికా శాస్త్రవేత్త రూత్ పాట్రిక్ 1948లో పెన్సిల్వేనియాలోని కోనెస్టోగా నదిలో చేసిన అధ్యయనంతో తేల్చి చెప్పింది ఇదే. ఒక నదిలో ఏదో ఒక జాతి ఉందా లేదా అని కాదు, ఎన్ని రకాల జీవులు కలిసి బతుకుతున్నాయో చూడాలి. ఆమెకంటే నలభై ఏళ్ల ముందే, 1908-09లో, జర్మనీలో కోల్క్‌విట్జ్, మార్సన్ అనే ఇద్దరు మురుగును తట్టుకునే జీవులను, తట్టుకోలేని జీవులను జాబితాలుగా రాసిపెట్టారు. అంటే ఈ చదువుకు నూరేళ్లు దాటాయి.

1970ల చివర బ్రిటన్‌లో ఈ పురుగుల కుటుంబాలకు మార్కులు వేశారు. మురుగు ఏమాత్రం పడని వాటికి 10, కైరోనమిడ్‌లకు 2, బురద వానపాములకు 1. దొరికిన కుటుంబాల మార్కులు కూడితే నది స్థితి తెలుస్తుంది. పద్ధతి గొప్పది, కానీ దాన్ని ఉన్నదున్నట్టు తుంగభద్రకు తగిలించకూడదు. ఆ పట్టికలో ఎక్కువ మార్కులు తెచ్చే స్టోన్‌ఫ్లైలు చల్లటి నీటిని కోరుకునేవి. కర్నూలు మైదానంలో అవి కనిపించకపోతే ఆ తప్పు మురుగుదే కానక్కర్లేదు. మన దేశం ఇలాంటి సర్దుబాటు ఇంకో పరీక్షలో చేసుకుంది. నీటిలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్‌ను కొలిచే బీఓడీ పరీక్షను పాశ్చాత్య దేశాల్లో 20 డిగ్రీల దగ్గర ఐదు రోజులు చేస్తారు. మనం 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు చేస్తాం. పురుగుల విషయంలోనూ కేంద్ర మండలి మన నదులకు తగినట్టు ఒక పట్టిక తయారు చేసింది. నీలం నుంచి ఎరుపు దాకా ఐదు రంగుల్లో నది స్థితిని చూపే పట్టిక అది. దాన్ని ఊరూరా వాడాలి. 2018లో ఇదే మండలి, లీటరుకు 3 మిల్లీగ్రాముల బీఓడీ దాటడాన్ని గీటురాయిగా పెట్టుకుని, దేశంలో 351 నదీ భాగాలను కలుషితమైనవిగా గుర్తించింది. తుంగభద్ర ఆ జాబితాలో ఉంది, నంద్యాల పక్కన పారే కుందూ కూడా ఉంది. ఆ జాబితాలో పేరు చూసి బాధపడేవాళ్లు కూడా అక్కడ బతికే ప్రాణుల పేర్లు చెప్పలేకపోవడం నన్ను ఇంకా బాధపెడుతుంది.

ఇదే తుంగభద్రలో ఎగువన, కర్ణాటకలో, ముదలాపుర నుంచి కంప్లి దాకా 34 కిలోమీటర్ల మేర నీటికుక్కల కోసం 2015లో సంరక్షణ ప్రాంతం ప్రకటించారు. నీటికుక్క ఉండాలంటే చేప ఉండాలి, చేప ఉండాలంటే నేను చెబుతున్న ఈ రాళ్ల కింది పురుగులు ఉండాలి.

నీరే లేనప్పుడు ఏమి చూడాలి అని ఒక అమ్మాయి అడిగింది. రాయలసీమలో అడగవలసిన ప్రశ్నే. మా అమ్మమ్మ ఊరు సిద్ధవటం. వేసవిలో పెన్న ఇసుకలో చెలమ తవ్వి, మొదట ఊరిన బురద నీటిని టెంకాయ చిప్పతో తోడి పారబోసి, తేటనీరు ఊరేదాకా ఆగి, గుడ్డ కట్టి బిందె నింపేవాళ్లు. ఆ ఇసుకను ఎండిన నేల అనుకోకూడదు. ఏటి అడుగున, పారే నీటికీ భూగర్భజలానికీ మధ్య, ఇసుక సందుల్లో ఒక జీవలోకం ఉందని రొమేనియా శాస్త్రవేత్త ట్రాయన్ ఒర్ఘిదాన్ 1959లో వివరంగా రాశాడు. పైన నది ఎండితే పురుగుల పిల్లలు కొన్ని ఆ తేమలోకి దిగి దాక్కుంటాయి, కొన్ని గుడ్ల రూపంలో ఆగి ఉంటాయి. ఇసుక రేణువులకు అంటుకుని ఉన్న సూక్ష్మజీవులు కూడా చెలమ నీటిని శుభ్రం చేస్తాయి. ప్రపంచంలోని నదుల పొడవులో సగానికి పైగా ఏడాదిలో ఒక్క రోజైనా పారడం ఆగిపోతుందని 2021లో నేచర్ పత్రికలో ఒక అంతర్జాతీయ అధ్యయనం వచ్చింది. కాబట్టి పెన్న, హంద్రీ లాంటి నదులు వింతేమీ కాదు. ఎండడం వాటి స్వభావం. ఆ స్వభావానికి తగ్గ ప్రాణులు వాటిలో ఉన్నాయి. ఇసుకను లారీలకెత్తి రాతి పలక తేలేదాకా తవ్వేస్తే మాత్రం దాక్కునే చోటు పోతుంది. మళ్లీ నీరొచ్చినా పిల్ల పెట్టడానికి ప్రాణి మిగలదు. ఇసుక పోయిన చోట బోర్లు ఎండిపోయాయని అందరూ చెబుతారు. అక్కడి జీవాలు ఏమయ్యాయో అడిగినవాళ్లు నాకు తక్కువే కనిపించారు.

మనుషుల ఆరోగ్యం మాట ఎత్తకుండా ఉండలేను. స్నానం చేసే నీటిలో 100 మిల్లీలీటర్లకు మలసంబంధ కోలిఫారం బాక్టీరియా 500కు మించకపోతే మంచిదని, 2500 దాటకూడదని ప్రభుత్వ ప్రమాణం. కార్తీక మాసంలో కర్నూలు సంకల్‌బాగ్ ఘాటులో చీకటితోనే మునకలు వేసే తల్లులకు ఈ అంకె తెలియాలి. ఘాటు దగ్గర బోర్డు మీద ప్రతి వారం రాసి పెట్టాలని నా కోరిక. నదిని తల్లి అని పిలిచేవాళ్లు ఆమె జ్వరం ఎంతో తెలుసుకోవడం అపచారం కాదు.

ఈ పనికి పెద్ద ఖర్చు లేదు. దోమతెర గుడ్డ కుట్టిన చిన్న వల, తెల్ల ట్రే, భూతద్దం, మెత్తటి బ్రష్షు, రెండు రకాల ద్రావణాలు, మూత బిగువుగా పట్టే సీసాలు చాలు. వలను దిగువ వైపు పట్టుకుని, ఎగువ వైపు రాళ్లను చేత్తో రుద్దాలి. చూసిన ప్రాణులను అక్కడే వదలాలి. రాయిని అంతకుముందు ఏ పక్క కింద ఉందో ఆ పక్కే కిందకు వచ్చేట్టు పెట్టాలి, గుడ్లు అటువైపే అంటుకుని ఉంటాయి. వరద నీరు తగ్గాక నవంబరు, డిసెంబరుల్లో ఒకసారి, నది సన్నబడే ఫిబ్రవరిలో ఒకసారి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. ప్రతిసారీ తెల్లవారకముందు పట్టిన సీసా ఒకటి తప్పకుండా ఉండాలి. అమ్మాయిలను ఆ వేళకు పంపడానికి ఇళ్లలో ఒప్పుకోరు. మేము ముందు రోజే తల్లిదండ్రులతో మాట్లాడి, వీలైతే వాళ్లనూ వెంట రమ్మంటాం. కొందరు తండ్రులు వచ్చి, ప్యాంట్లు మడిచి మాతో పాటు నీటిలోకి దిగారు కూడా.

నంద్యాలలో పాఠాలు చెప్పే ఒక మిత్రురాలు ఈ ఏడాది కుందూలో మొదలుపెడుతున్నారు. తాడిపత్రి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరులో పెన్న పక్కనే కాలేజీలున్నాయి. అక్కడ జంతుశాస్త్రం, రసాయన శాస్త్రం చెప్పేవాళ్లు కలిసి పిల్లలను ఏట్లోకి తీసుకెళితే, మేము రాసుకున్న గుర్తింపు పట్టికలు, పురుగుల ఫొటోలు పంపడానికి సిద్ధంగా ఉన్నాం.