మార్పు వద్దన్నవాళ్లంతా తిరగబడినట్టు కాదు

చర్చి సంఘంలో ఏదైనా మారుద్దామంటే, అది ఆరాధన టైమైనా పాటలైనా, ముందు వినబడే మాట "పెద్దవాళ్లు ఒప్పుకోరు" అని. దాని వెనకాలే "వాళ్లకి దర్శనం లేదు", అంటే ముందుచూపు లేదు అంటారు. ఈ రెండో మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది.

బైబిల్లో ఎజ్రా 3వ అధ్యాయం తీసి చూడండి. బబులోను చెర నుంచి యెరూషలేముకి తిరిగొచ్చిన యూదులు, కూలిపోయిన మందిరానికి మళ్లీ పునాది వేశారు, యాజకులు బూరలు ఊదుతున్నారు, మందిర సేవ చేసే లేవీయులు తాళాలు వాయిస్తున్నారు, జనం సంతోషంతో కేకలు వేస్తున్నారు. అదే గుంపులో, మొదటి మందిరాన్ని కళ్లారా చూసిన ముసలివాళ్లు గట్టిగా ఏడ్చారు. ఏది సంతోషమో ఏది ఏడుపో తెలియలేదని రాసి ఉంది. వాళ్లు కొత్త మందిరం వద్దనలేదు, పోయినదాన్ని తలుచుకుని ఏడ్చారు, అంతే. వాళ్లని గద్దించిన మాట ఆ అధ్యాయంలో ఒక్కటీ లేదు. తర్వాత క్రీ.పూ. 520లో హగ్గయి ప్రవక్త కూడా, మునుపటి మహిమ చూసినవాళ్లు మీలో ఎవరున్నారు, ఇప్పుడిది మీ కంటికి ఎలా కనబడుతోంది అని వాళ్ల మనసులో ఉన్నదే ముందు అడిగాడు, ఆ తర్వాతే ధైర్యం తెచ్చుకుని పని చేయమన్నాడు.

ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచే బల్ల, సిద్ధం చేసే ఒక అమ్మగారిని తలుచుకోండి. ఏళ్ల తరబడి అందరికంటే ముందొచ్చి, తెల్లగుడ్డ ముడతలు లేకుండా పరిచి, గిన్నెలు తుడిచి పెట్టే మనిషి. ఇకపై ఆ పని యవనస్థులదని ఆవిడకి వాట్సాప్ గ్రూపులో పెట్టిన లిస్టు చూస్తేనే తెలిసింది. అడిగితే "నాకేం ఫర్లేదు బాబూ" అంటుంది, పై వారం నుంచి వెనక వరసలో కూర్చుంటుంది. చేతులు వణికేవాళ్లెవరో, బల్ల దాకా నడవలేనివాళ్లెవరో ఆ లిస్టులో లేదు, ఆవిడకి తెలుసు. పిల్లల్ని కొన్నాళ్లు ఆవిడ పక్కన నిలబెట్టి నేర్చుకోమంటే సరిపోయేది.

అపొస్తలుల కార్యాలు 15లో యెరూషలేము సంఘ పెద్దలు తమ నిర్ణయం తెలుపుతూ అంతియొకయ సంఘానికి ఉత్తరం రాశారు. విషయమంతా అందులో ఉంది, అయినా నోటితో చెప్పడానికి యూదాను, సీలను కూడా పంపారు. మనమేమో ప్రకటన చదివేసి పని అయిపోయిందనుకుంటాం! పుల్పిట్ మీద చెప్పకముందే ఇళ్లకి వెళ్లండి, "ఇది మారితే మీకు ఏం పోతుంది?" అని అడిగి, వాళ్లు చెప్పడం అయ్యేదాకా మాట్లాడకుండా వినండి.

3 యోహాను పత్రికలోని దియొత్రెఫేలా పెత్తనం కోసమే అడ్డుపడేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు, వాళ్ల సంగతి వేరు. కానీ అభ్యంతరం చెప్పిన ప్రతివాళ్లనీ ఆ లెక్కలో వేయకూడదు.

ఇంకో సంగతి, "దేవుడు నాకు చెప్పాడు" అని మొదలుపెడితే ఎదుటివాళ్లు నోరెత్తలేరు. ఆ ఉత్తరం రాయకముందు యెరూషలేములో చాలా వాదన జరిగాకే పేతురు లేచి మాట్లాడాడు. నిర్ణయం ముందే అయిపోయి ఉంటే ఆ సంగతే సూటిగా చెప్పండి, దయచేసి అభిప్రాయాలు అడుగుతున్నామని మాత్రం అనకండి.