బిందె మీద పేరు

మన బడి పాత విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని మన బ్యాచ్ వాళ్ళు ఫోన్ చేసి, "నువ్వు కథలు రాస్తావు కదా, నీకేం కష్టం" అన్నారు. అదెంత కష్టమో నాకు మొదట తెలిసింది మన బడిలోనే, 1993లో, తొమ్మిదో తరగతిలో.

నా మొదటి కథ తొమ్మిది పేజీలు. గోదావరి ఒడ్డు, పడవ, జమీందారు కూతురు. మాది హైదరాబాద్‌లో చిక్కడపల్లి. గోదావరిని బాసరలో ఒక్కసారి చూశాను, స్నానం చేసినంతసేపు. తెలుగు సార్ చదివి, "పడవెక్కావురా?" అన్నారు. లేదన్నాను. "మరి రోజూ ఏమెక్కుతావు?" "బస్సు సార్. ఫుట్‌బోర్డు." క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు. మీ ఇంటి ముందు జరిగేది ఒక్కటి రాసుకు రమ్మన్నారు.

మా ఇంటి ముందు జరిగేది నల్లా కాడి కొట్లాటే. అప్పట్లో మాకు నీళ్ళు రోజు విడిచి రోజు, అదీ తెల్లవారుజామున. 'నీటి కోసం ప్రజలు పడే అవస్థ వర్ణనాతీతం' అని గంభీరంగా మొదలుపెట్టాను. సార్ ఎర్ర ఇంకుతో కొట్టేసి పక్కన రాశారు: 'వర్ణనాతీతమైతే రాయడమెందుకు? బిందెలెన్ని? మీది ఎన్నోది?'

నాకు నిజంగానే తెలీదు. మర్నాడు నాలుగింటికి లేచి నాయనమ్మ వెంట వెళ్ళి లెక్కపెట్టాను. ఇరవై మూడు. అందులో మూడు బిందెలు కావు, ఇటుకలు. ఇంకా నిద్ర లేవని వాళ్ళ వంతుకి గుర్తు. ఇటుకను కాలితో పక్కకి జరిపితే ఇక ఆ పూట గొడవే. మా స్టీలు బిందెకి నడుము దగ్గర సొట్ట. మూతి కింద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు. అది నాయనమ్మది కాదు, పెళ్ళయిన ఏడాదికే పోయిన ఆమె చెల్లెలిది. పుట్టినప్పటి నుంచీ ఆ బిందె నీళ్ళే తాగాను, పేరు చదవడం అదే మొదలు.

అదంతా రాసిస్తే సార్ ఆ పేరు దగ్గర వేలు పెట్టి, "కథ ఇక్కడుంది. ముందు రెండు పేజీలూ నువ్వు గొంతు సవరించుకోవడం" అన్నారు. 1910లో గురజాడ రాసిన 'దిద్దుబాటు' తెచ్చి మొదలు చూపించారు. అర్ధరాత్రి ఇంటికొచ్చినవాడు తలుపు, తలుపు అంటూ కేకేస్తాడు. వాడెవడు, ఎక్కణ్ణుంచి వచ్చాడు అన్నది తర్వాత మెల్లగా తెలుస్తుంది.

మాటల దగ్గర ఇంకా తన్నులు తిన్నాను. నాయనమ్మ చేత 'నా బిందెను ఎవరు జరిపితిరి?' అనిపించాను. "మీ ఇంట్లో అట్లనే మాట్లాడతరా?" అన్నారు సార్. లేదు. 'నా బిందె జరిపినోడెవడ్రా?' అని గల్లీ చివరిదాకా వినబడేలా అంటది. ఇంట్లో మాట కాగితం మీద పెట్టడానికి నాకు సిగ్గేసింది. మన బడిలో మార్కులు ఆ మాటకి పడేవి కావు మరి. ఆ సిగ్గు పోవడానికి ఏళ్ళు పట్టింది.

ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత వారపత్రికలు కొని, కథల మొదటి పేరాలు మాత్రం నోట్సులో దించుకునేవాణ్ణి. 1901లో మొదలైన, సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం గ్రంథాలయానికి దారి చూపించిందీ సారే.

బిందె కథని మూడు పేజీలకు కోసి, కాగితానికి ఒకవైపే రాసి, సొంత రచనేనని హామీపత్రం జతచేసి, స్టాంపులంటించిన తిరుగు కవరుతో ఒక వారపత్రికకు పంపాను. నెలన్నరకి ఆ కవరే ఇంటికొచ్చింది. వారం రోజులు పోస్ట్‌మ్యాన్ మొహం చూడలేదు. వెనకవైపు ఖాళీగా ఉన్న తెల్లకాగితాలు వృథా చేయడం ఎందుకని అమ్మ వాటి మీద పాల లెక్క రాసుకుంది.

సంచికలో ఆ కథే వేద్దామన్నారు మనవాళ్ళు. బీరువా అంతా వెతికాను. రెండో పేజీ ఒక్కటే దొరికింది. ఒకవైపు నాయనమ్మ ఇటుక పట్టుకుని నిలబడి ఉంది. రెండోవైపు అమ్మ రాత: 'బుధవారం అర లీటరు తక్కువ. అడగాలి.'