లేహ్‌లో నీళ్ల లెక్క

పొద్దెక్కేకొద్దీ సింధు లోయలో గాలులు ఉద్ధృతమవుతాయి కాబట్టి ఢిల్లీ నుంచి లేహ్ వెళ్లే విమానాలు ఎక్కువగా తెల్లవారుజామునే బయలుదేరతాయి. జూన్ నెలాఖరున మేము ఎక్కిన విమానంలో ఒక్క సీటూ ఖాళీ లేదు. ముందు వరుసల్లోనూ వెనక వరుసల్లోనూ తెలుగు మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. మంచు శిఖరాలు దాటి విమానం లోయలోకి దిగుతున్నప్పుడు కనిపించేదంతా గడ్డిపోచ మొలవని మట్టిరంగు కొండలే. వాటి మధ్య ఉన్నట్టుండి ఒక పచ్చని పట్టీ, అందులో తెల్లని ఇళ్లు, నిటారుగా పెరిగిన పోప్లార్ చెట్లు కనిపిస్తాయి. అదే లేహ్. సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున, హిమాలయాల వర్షచ్ఛాయలో ఉన్న ఈ పట్టణంలో ఏడాది మొత్తానికి వానా మంచూ కలిపి పడేది 10 సెంటీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. కరవుసీమగా మనం చెప్పుకునే అనంతపురంలో కూడా ఇంతకు ఐదు రెట్లు కురుస్తుంది. పైనుంచి కనిపించే ఆ పచ్చదనంలో వానకు పెరిగినదంటూ దాదాపు ఏమీ లేదు; ప్రతి చెట్టునూ, ప్రతి బార్లీ మడినీ మనుషులు కాలువ తవ్వి, నీరు మళ్లించి పెంచారు. ఈ సంగతి మనసులో పెట్టుకుని ఊరు తిరిగితే, గత యాభై ఏళ్లలో సందర్శకుల రాకతో అక్కడ ఏం మారిందో చాలామటుకు నీళ్ల దగ్గరే బోధపడుతుంది.

మేము దిగిన అతిథిగృహం చాంగ్‌స్పా అనే పేటలో ఉంది. ఒకప్పుడు ఇదంతా పొలాల మధ్య విసిరేసినట్టున్న ఇళ్ల వాడ. ఇప్పుడు అతిథిగృహాల మధ్య అక్కడక్కడా మిగిలిన పొలాలు. మా గది కిటికీ కింద ఒక బార్లీ మడి పచ్చగా ఊగుతోంది గాని, దానికి మూడు వైపులా మూడంతస్తుల భవనాలు లేచాయి. నాలుగో వైపున ఇటుకలు పేర్చి ఉన్నాయి. ఎత్తుకు శరీరం అలవాటు పడేవరకు తిరగవద్దని విమానాశ్రయంలోనే హెచ్చరిస్తారు. ఆ బలవంతపు విశ్రాంతి పుణ్యమా అని ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడే తీరిక దొరికింది. ఇంటాయన నలభై దాటిన మనిషి, చక్కని హిందీ మాట్లాడతారు. ఆయన తల్లిని వచ్చినవాళ్లందరూ ఆమా-లే, అంటే అమ్మగారూ అని పిలుస్తారు, మేమూ అలాగే పిలిచాము. కుటుంబం ఉండేది వెనకనున్న పాత మట్టి ఇంట్లో. అతిథులకు ముందున్న కొత్త కాంక్రీటు భవనం.

పాత ఇంటిని చూపించమని నేను అడిగినప్పుడు, పూజగదీ వంటిల్లూ అయ్యాక ఆయన కొంచెం మొహమాటపడుతూనే పై అంతస్తులో ఒక మూలనున్న చిన్న మరుగుదొడ్డి గదిని కూడా చూపించారు. మట్టి నేలలో జానెడు వెడల్పున, మూరెడు పొడవున ఒక సందు; గోడవారగా మెత్తని పొడిమట్టి కుప్ప, అందులో గుచ్చి ఉంచిన పార. పని అయ్యాక పారెడు మట్టినో పొయ్యిలోని బూడిదనో ఆ సందులోకి నెట్టాలి. నీటి చుక్క అక్కర్లేదు. పడినదంతా కింది గదిలో నెలల తరబడి మట్టితో కలిసి ఎండి, చివికి, ఎరువుగా మారుతుంది; అదను చూసి బయటివైపున్న చిన్న తలుపు తీసి దాన్ని తట్టల్లో పొలానికి తీసుకుపోతారు. గాలి పొడిగా, చల్లగా ఉండే ఊరు కనుక వాసన నేను భయపడినంతలో పదో వంతు కూడా లేదు. సారం లేని ఇసుక నేలలో శతాబ్దాలుగా బార్లీ పండిందంటే, అందులో ఈ గదికి ఉన్న పాత్ర చిన్నది కాదు. నీటిని ఆదా చేసేది అదే, నేలకు బలం ఇచ్చేది అదే, వాగును శుభ్రంగా ఉంచేదీ అదే. ఎవరూ కాగితం మీద గీయకుండానే ఇంత సమగ్రంగా కుదిరిన పారిశుద్ధ్య వ్యవస్థను నేను మరెక్కడా చూడలేదు.

కొత్త భవనంలో మాత్రం ప్రతి గదికీ విడిగా స్నానాల గది, కమోడ్, గీజర్ ఉన్నాయి. అవి లేవంటే గది అడిగేవాళ్లే ఉండరని ఇంటాయన చెప్పారు. అందులో అతిశయోక్తి లేదు. మనవాళ్లయితే కుళాయి తిప్పి, వేడినీళ్లు వస్తున్నాయో లేదో చూసి, బకెట్టూ మగ్గూ ఉన్నాయని రూఢి చేసుకున్నాకే సామాను లోపల పెడతారు. మీట ఒకసారి నొక్కితే ఆరు నుంచి పది లీటర్ల నీళ్లు పోతాయి. రోజంతా ఇంటిల్లిపాదికీ బిందెల లెక్కన సరిపెట్టుకున్న ఊళ్లో, ఒక అతిథి స్నానానికీ, దొడ్డికీ, రోజూ మార్చే దుప్పట్ల ఉతుకుడికీ కలిపి అయ్యే నీళ్ల లెక్క వేరు. అవి వాగు నుంచి రావు. పెరట్లో బోరు ఉంది. బోరు నుంచి పైకప్పు మీది నల్లటి ట్యాంకులోకి ఎక్కుతాయి. వాడిన నీరు అదే పెరట్లో మరో పక్కనున్న గుంతలోకి ఇంకుతుంది. లేహ్ నేల కొండల నుంచి కొట్టుకొచ్చిన గులకరాళ్లూ ఇసుకా పేరుకుని ఏర్పడినది. నీరు అందులోకి ఎంత సులువుగా దిగుతుందో మురుగూ అంతే సులువుగా దిగుతుంది. ఒక ఇంటి గుంతకు దిగువన మరో ఇంటి బోరు ఉంటుంది. ఇటీవలి ఏళ్లలో పట్టణానికి మురుగునీటి పైపులు వేశారు గాని అవి అన్ని ఇళ్లకూ చేరలేదు. మునిసిపల్ నీటి సరఫరాకు సింధు నది ఒడ్డునున్న గొట్టపుబావుల నుంచి కూడా నీటిని పంపులతో ఎగువకు ఎక్కించవలసి వస్తోంది. పైనుంచి దానంతట అదే పారే నీటితో నిలిచిన ఊరు, కిందినుంచి కరెంటు ఖర్చుపెట్టి నీళ్లు తోడుకునే ఊరయింది.

లద్దాఖ్‌ను 1974లో పర్యాటకులకు తెరిచారు. ఆ ఏడాది వచ్చినవాళ్లు కొన్ని వందలమంది. చాలా ఏళ్లపాటు వచ్చేవాళ్లలో విదేశీయులే ఎక్కువ. వీపున సంచీ వేసుకుని, ఇంటివాళ్లతో పాటే నేల మీద కూర్చుని తిని, మేడ మీది పొడి దొడ్డినే వాడి, వారాల తరబడి కొండల్లో నడిచి వెళ్లిపోయేవారు. చాంగ్‌స్పాలో అతిథిగృహాలు మొదలైంది అలా, ఇంట్లో ఒక గది ఖాళీ చేసి ఇవ్వడంతో. 2009లో విడుదలైన ఒక హిందీ సినిమా చివరి సన్నివేశాన్ని పాంగాంగ్ సరస్సు ఒడ్డున తీశాక స్వదేశీ సందర్శకులు వెల్లువెత్తారు. విమానాలు పెరిగాయి, 2020లో రోహ్‌తాంగ్ కనుమ కింద అటల్ సొరంగం తెరుచుకుని మనాలీ దారి సులువయింది. 2022లో లద్దాఖ్‌కు వచ్చిన పర్యాటకులు 5 లక్షలు దాటారు. వీళ్లలో అత్యధికులు కాలు పెట్టేది లేహ్‌లోనే. 2011 జనగణన ప్రకారం ఆ పట్టణ జనాభా 31 వేలకు కాస్త తక్కువ. పైగా ఆ రాకంతా ముఖ్యంగా మే నుంచి సెప్టెంబరు వరకే, అంటే పొలాలకూ నీళ్లు కావలసిన నెలల్లోనే.

శరీరం కుదుటపడ్డాక ఒక ఉదయం వాగు వెంట ఎగువకు నడిచాము. ఖార్దుంగ్‌లా కనుమ వైపు కొండల మీది మంచూ, చిన్న హిమానీనదాలూ కరిగి వచ్చే నీరు అది. పట్టణం దాటాక వాగు నుంచి చీలే కాలువలు, ఆ కాలువల నుంచి చీలే పిల్లకాలువలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఒకచోట ఒక పెద్దాయన పారతో కాలువకు అడ్డంగా రాళ్లు పేర్చి, సందుల్లో మట్టి, పచ్చిగడ్డి పెళ్లలు కూరుతున్నాడు. కాసేపటికి నీరు కుడివైపు మడిలోకి తిరిగింది. ఆయన పార మీద గడ్డం ఆనించి, మడి చివర తడిసేదాకా చూస్తూ నిలబడ్డాడు. ఏ పొలానికి ఎప్పుడు, ఎంతసేపు నీరు వదలాలో చూసే మనిషిని అక్కడ చుర్పోన్ అంటారు. మన చెరువుల కింద నీరటికాడు చేసిన పనే. ఒకప్పుడు చుర్పోన్ మాటకు ఊరంతా కట్టుబడేది. ఎగువన బట్టలు ఉతకడం, మురికి కలపడం తప్పుగా భావించేవాళ్లని, దిగువ ఇళ్లవాళ్లు అవే నీళ్లు నేరుగా ముంచుకుని తాగేవాళ్లని తరవాత ఆమా-లే చెప్పారు. ఇప్పుడు పట్టణం మధ్యకు వచ్చేసరికి ఆ వాగులో ప్లాస్టిక్ సీసాలూ చిప్స్ సంచులూ తేలుతుంటాయి. పొలం లేనివాడికి చుర్పోన్‌తో పని లేదు, బోరు ఉన్నవాడికి వంతుతో పని లేదు. నీటి మీద ఊరుమ్మడి పెత్తనం పోవడానికి ఎవరో దాన్ని రద్దు చేయనక్కరలేదు, దాని అవసరం లేనివాళ్లు ఎక్కువైతే చాలు.

ఇదంతా చూసి పాత రోజులే బాగున్నాయని నిట్టూర్చడం మనలాంటి వచ్చిపోయేవాళ్లకు సులువు. ఇంటాయన దగ్గర అలాంటి నిట్టూర్పులేమీ లేవు. బార్లీ అమ్మితే ఏమొస్తుందో, వేసవిలో గదుల మీద ఏమొస్తుందో ఆయనకు వేళ్ల మీద లెక్క ఉంది. పిల్లలిద్దరూ చండీగఢ్‌లో చదువుతున్నారు, తల్లి మోకాళ్ల ఆపరేషన్‌కు అప్పు చేయనక్కరలేకపోయింది. మిగిలిన పొలంలో కోతలకు ఊరివాళ్లు ఒకరికొకరు సాయం పట్టే రోజులు తగ్గి, ఝార్ఖండ్, బిహార్, నేపాల్‌ల నుంచి వచ్చే కూలీలు ఆ పని చేస్తున్నారు. కొత్త భవనాలు కడుతున్నదీ ఎక్కువగా వాళ్లే. ప్రధాన బజారులో కాలిబాట అంచున వరుసగా కూర్చుని ముల్లంగి, పాలకూర, ఎండు ఆప్రికాట్లు అమ్మే ఆడవాళ్లు మాత్రం చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. వాళ్ల వెనక అద్దాల దుకాణాలు శాలువాలు, రాళ్ల దండలు, అద్దె మోటారుసైకిళ్లతో మెరిసిపోతుంటాయి. ఆకుకూర కట్ట కొనేవాళ్లకన్నా ఫొటో తీసుకునేవాళ్లే ఎక్కువ కనిపించారు. వద్దని చేయి అడ్డం పెట్టినా కొందరు ఆగలేదు.

ఈ ఊరు దేన్నీ పట్టించుకోకుండా చేతులు ముడుచుకుని కూర్చుందని అనలేము. లద్దాఖ్ మహిళా సమాఖ్య పూనికతో ఇక్కడ ప్లాస్టిక్ సంచులను 1998లోనే నిషేధించారు. మన నగరాలకు ఆ ఆలోచన రావడానికి ఇంకా ఎన్నో ఏళ్లు పట్టింది. అయితే సంచులు ఆగినా సీసాలు ఆగలేదు. ఎత్తున ఉన్నప్పుడు నీళ్లు బాగా తాగాలని డాక్టర్లు చెబుతారు, కొత్తచోటి నీళ్లంటే సందర్శకుడికి భయం, దాంతో ప్రతి కారులోనూ సీసాల పెట్టె ఉంటుంది. మేము సీసాలు ఇంటినుంచే తెచ్చుకుని అతిథిగృహంలో వడపోత నీళ్లు నింపుకున్నాం గాని, ఆ నీళ్లూ పెరటి బోరువే.

లేహ్ పక్కనున్న చోగ్లమ్‌సర్ అనే ఊరి వైపు వెళ్లినప్పుడు మా డ్రైవరు 2010 ఆగస్టు నాటి కుంభవృష్టి గురించి చెప్పాడు. అర్ధరాత్రి కొద్దిసేపు కురిసిన వానకు కొండ వాలుల మీది మట్టీ రాళ్లూ బురద ప్రవాహంగా దిగివచ్చి రెండు వందల మందికి పైగా చనిపోయారు. వాన ఎరగని ఊరి మట్టి గోడలు ఆ తాకిడికి నిలవలేదు. ఆ తర్వాత చాలామంది సిమెంటు వైపు మొగ్గారు, అందులో తప్పు పట్టడానికి లేదు. కానీ ఎండు వాగులంటే ఖాళీ స్థలాలన్నట్టు వాటి అంచుల మీదికీ, గర్భంలోకీ ఇళ్లు జరుగుతూనే ఉన్నాయి. కారు కిటికీలోంచి అతను వేలు పెట్టి చూపిస్తుంటే, ఎక్కడ వాగు దారి, ఎక్కడ వీధి అన్నది నాకు తేడా తెలియలేదు.

నీటి కోసం అక్కడివాళ్లు వేసిన ఎత్తులు కూడా చెప్పుకోవాలి. ఇంజనీరుగా పనిచేసిన చేవాంగ్ నోర్ఫెల్ చలికాలంలో వృథాగా పోయే వాగు నీటిని ఊళ్లకు దగ్గరగా, నీడపట్టున మళ్లించి గడ్డకట్టించి, వసంతంలో విత్తనాల వేళకు కరిగేలా చేశారు. లద్దాఖ్‌కే చెందిన ఇంజనీరు, విద్యావేత్త సోనమ్ వాంగ్‌చుక్ 2013-14 చలికాలం నుంచి అదే పనికి నీటిని పైపుతో చిమ్మించి శంఖాకారపు మంచు స్తూపాలు నిలబెట్టారు. రెండూ మెచ్చుకోదగ్గవే, రెండూ గ్రామాల్లో పైరు కోసం పుట్టినవి. వాటిని చూసి లేహ్ హోటళ్ల నీటి సమస్య తీరుతుందని మురిసిపోయే సందర్శకులు ఆ తేడా గమనించినట్టు లేదు.

బయలుదేరే ముందు ఇంటాయనను చలికాలం ఎలా గడుస్తుందని అడిగాను. నవంబరు నాటికి అతిథులు తగ్గిపోతారు. రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు ఇరవై డిగ్రీల దిగువకు పడిపోయే రోజుల్లో పైపులు పగలకుండా ట్యాంకులూ గొట్టాలూ ఖాళీ చేసి కొత్త భవనానికి తాళం వేస్తారట. అప్పుడు ఇంటిల్లిపాదీ వాడేది మేడ మీది పొడి దొడ్డినే. చండీగఢ్ నుంచి సెలవులకు వచ్చే పిల్లలు మొదటి రోజు గొణిగి, తర్వాత ఊరుకుంటారట. కిటికీ కింది బార్లీ మడిలో వచ్చే వేసవికి మరో ఎనిమిది గదులు కట్టాలని ఆయన ఆలోచన. బోరు ఇంకాస్త లోతుకు దింపాలని చెప్పారు. ఆ గదుల్లో ఒక్కదానికైనా పాత పద్ధతి దొడ్డి పెడతారా అని అడిగితే నవ్వి, కింద తమకోసం కట్టుకునే రెండు గదులకు పెడతాననీ, పైన అతిథుల గదులకు పెట్టననీ అన్నారు.