లింకు డాక్యుమెంట్లు లేని సినిమాలు

మా చెల్లె కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడల్లా నా బ్లూరేల అల్మారా ముందు నిలబడి ఒకటే సతాయిస్తడు. "మామా, సత్యజిత్ రాయ్ ఉన్నడు, ఘటక్ ఉన్నడు. ఆ క్రైటీరియనోళ్ల కంటికి మన తెలుగు సినిమా ఒక్కటి గూడ ఆనలేదా?" క్రైటీరియన్ అంటే పేరున్న సినిమాలు బాగు చేసి డిస్కులేసే అమెరికా కంపెనీ. తెలంగాణ రైతుల పోరాటం మీద తీసిన 'మా భూమి'కి అసొంటి డిస్కు ఎందుకు లేదని వాని బాధ. నల్లగొండల పుట్టినోనికి ఆ బాధ ఉండాల్సిందే. కాకపోతే వాడు దీన్ని ఇష్టాయిష్టాల లెక్కగా చూస్తున్నడు. నేను కాగితాల లెక్కగా చూస్త.

నాది రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందర డాక్యుమెంట్ రైటర్ పని. ప్లాటు ఎంత మంచి జాగలో ఉన్నా నేను మొదలు అడిగేది లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ జాగ ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే పాత దస్తావేజులు. ఆ తర్వాత ఈసీ, దాని మీద తాకట్లూ అమ్మకాలూ ఏమున్నయో చూపే కాగితం. మధ్యలో ఒక్క దస్తావేజు తెగితే బ్యాంకోడు ఆ ఫైలు ముట్టడు. పాత సినిమాల డిస్కులేసే కంపెనీల గురించి చదివిన కొద్దీ అది కూడా నా పనే అనిపించింది.

క్రైటీరియన్ 1984లో లేజర్ డిస్కులతో మొదలైంది. తొలి రెండు సినిమాలు 'సిటిజన్ కేన్', 'కింగ్ కాంగ్'. వాళ్ల సోదర సంస్థ జానస్ ఫిల్మ్స్ అంతకంటే పాతది, 1956 నాటిది. బెర్గ్‌మన్, కురొసావా, ఫెల్లినీల సినిమాలు అమెరికా థియేటర్లకు తెచ్చిన సంస్థ అది. అంటే ఆ పేర్లన్నీ క్రైటీరియన్ జాబితాలో అంత నిండుగా ఉండడానికి ఎడిటర్ల అభిరుచి ఎంత కారణమో, ఎప్పుడో కొని బీరువాలో పెట్టుకున్న హక్కులూ అంతే కారణం. ఈ మాటంటే మా వాడు మూతి ముడుస్తడు.

బేరం తీరు మాత్రం మనకు తెలియంది కాదు. నైజాం, సీడెడ్, ఆంధ్ర అని ఏరియాలు విడగొట్టి, అడ్వాన్సో మినిమం గ్యారంటీయో కట్టి, ఇన్నేండ్లని గడువు రాసుకొని సినిమా కొనే పద్ధతి మన డిస్ట్రిబ్యూటర్లది కూడా. అక్కడ నైజాం జాగలో ఉత్తర అమెరికా అని ఉంటది, బ్రిటన్ అని ఉంటది. డిస్కుకు ఒక హక్కు, స్ట్రీమింగ్‌కు ఇంకొకటి. ఏరియా దాటకుండా డిస్కు మీదనే తాళం వేస్తరు: బ్లూరేలకు అమెరికాది ఏ రీజియన్, బ్రిటన్‌ది బి, మనది సి. అందుకే నా ప్లేయర్ అన్ని రీజియన్లూ ఆడేది చూసి కొన్న. గడువు తీరితే అంతే సంగతి. 2010లో స్టూడియోకెనాల్ అనే ఫ్రెంచి కంపెనీ చేతిలో ఉన్న సినిమాలు చాలా క్రైటీరియన్ నుంచి లయన్స్‌గేట్ అనే ఇంకో కంపెనీకి పోయినయి. 'ది థర్డ్ మ్యాన్' అంతటి సినిమాకు క్రైటీరియన్ వేసిన డిస్కు కూడా మళ్లీ అచ్చు కాలేదు. కొందరు దాన్ని అవమానం లెక్క చెప్పుకున్నరు గానీ, కౌలు గడువు తీరినంక భూమి తిరిగి పట్టాదారుకు పోతే అందులో అవమానం ఏముంది?

కాగితం తర్వాత నెగెటివ్, అంటే ప్రింట్లన్నిటికీ మూలమైన అసలు రీలు. రాయ్‌కి 1992లో గౌరవ ఆస్కార్ ఇచ్చినంక ఆయన సినిమాలు భద్రం చేసే పని ఆ ఆస్కార్లిచ్చే అమెరికా అకాడమీ ఎత్తుకున్నది. మరుసటేడే లండన్‌లో ఒక ల్యాబ్ కాలిపోయి ఆయన మూడు సినిమాల అపు చిత్రత్రయం నెగెటివ్‌లు మంటల్ల పడ్డయి. పనికి రావని అందరూ అనుకున్న ఆ ముక్కల్ని పారెయ్యకుండా అకాడమీ దాచింది. ఏండ్ల తర్వాత ఇటలీలో బొలోన్యాలోని ల్యాబ్ వాటిని చేత్తో సాపు చేసి, అక్కరకొచ్చే ఫ్రేములు తీసి, మిగతాది వేరే ఆర్కైవుల కాపీలతో నింపింది. 2015లో క్రైటీరియన్ సెట్టు వచ్చింది. నా అల్మారాలో అందరూ చెయ్యి వేసేది దాని మీదనే.

కాగితం, నెగెటివ్ రెండూ కుదిరితే ఏమైతదో చూడాలంటే 'మంథన్' చూడాలె. శ్యామ్ బెనెగల్ 1976లో తీసిన సినిమా. గుజరాత్ పాల రైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలేసి తీయించిన్రు. ఐదు లక్షల మంది వాటాదారులంటే నా గుండె గుభేలుమంటది! ఐదుగురు అన్నదమ్ముల పంపకానికే నా దగ్గర దినమంతా పడుతది. అయినా అక్కడ చిక్కు రాలేదు, ఎందుకంటే అందరి తరఫున ఒక్క సమాఖ్య ఉన్నది, అమూల్ నడిపే సమాఖ్యే. పాత రీలు బాగు చేసే పనికి, అదే రీస్టోరేషన్‌కు, డబ్బులిచ్చింది కూడా వాళ్లే. పాత సినిమాలు కాపాడే ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ పని చేయించింది, 2024లో కాన్స్ చిత్రోత్సవంలో ఆడింది. ఓనర్ ఎవరో తెలుసు, సంతకం ఎవరు పెట్టాలో తెలుసు. డిస్కు కంపెనీ ఎవరైనా ఉత్తరం రాయాలంటే అడ్రసు ఉన్నది.

మన దగ్గర? పాతకాలపు తెలుగు నిర్మాత అప్పుల్ల పడితే మొదలు పోయేది నెగెటివ్ రైట్సే. నెగెటివ్ ఇక మీదట ఫైనాన్షియర్‌దని ల్యాబ్‌కు లెటర్ పోతది, నెగెటివ్ డబ్బా మద్రాసు ల్యాబుల ఉంటది, ల్యాబ్ బాకీ తీరకుంటే కదలదు. నడుమ వీడియో హక్కులు ఒకరికి, శాటిలైట్ ఇంకొకరికి. నిర్మాత కాలం చేసినంక పిల్లలకు మిగిలేది ట్రంకు పెట్టె.

అసొంటి పెట్టె ఒకటి నా బల్ల మీదికే వచ్చింది. సూర్యాపేట దిక్కు నుంచి ఒకాయన, వాళ్ల నాయన 1970ల సినిమా తీసిండట. స్టాంపు కాగితాలు విప్పితే ఒకటి నైజాంకు ఐదేండ్ల ఒప్పందం, సాఫ్‌గా ఉన్నది. రెండోదాంట్ల "నెగెటివ్ సహా సర్వ హక్కులు" అని ఉన్నది గానీ ఎన్నేండ్లకో, ఏ ఏరియాకో లేదు. ఇప్పటి కాపీరైట్ చట్టం ప్రకారం గడువు రాయకపోతే ఐదేండ్లు, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. ఆ మాట చెప్పంగనే ఆయన మొఖం వెలిగింది. కాకపోతే ఆ నిబంధన 1994 సవరణతో వచ్చింది, అంతకుముందు రాసుకున్న కాగితాలకు వర్తించదు. అది కూడా చెప్పక తప్పలేదు.

"అరవై ఏండ్లయితే ఎవరిదీ కాదంట గద సార్?" అని అడిగిండు. నిజమే, విడుదలైన మరుసటి ఏడు జనవరి నుంచి లెక్కపెట్టి అరవై. కానీ హక్కు తీరినంత మాత్రాన నెగెటివ్ చేతికి రాదు. పైగా ఎవరైనా వేసుకోవచ్చంటే, లక్షలు పోసి బాగు చేయించడానికి ఏ కంపెనీ అయినా జంకుతది.

ఆయనకు నేను చెప్పిందిది. ముందు పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కు, నాయన వాడిన ల్యాబ్‌కు ఉత్తరాలు రాసి నెగెటివ్ డబ్బా ఉన్నదో లేదో తేల్చుకో. ఉంటే ఆ ఫైనాన్షియర్ వారసులను పట్టుకొని, మీ అన్నదమ్ములందరి సంతకాలతో హక్కు విడుదల పత్రం రాయించుకుందాం. లేకుంటే సబ్‌టైటిళ్లు, బుక్‌లెట్లు, ఆ ముచ్చట్లన్నీ ఇప్పుడే వద్దు. రాత ఫీజు అడుగుతడేమో అనుకున్నడు. సినిమా చూపిస్తే చాలన్న. చూద్దామంటే ప్రింటు ఆయన దగ్గర కూడా లేదు.