మిర్చి సర్వే డేటా: ఎస్‌పీఎస్‌ఎస్‌లో ముందు వేరియబుల్ వ్యూ

గుంటూరు చుట్టుపక్కల మిర్చి రైతుల సర్వే ఫారాలు చేతికి రాగానే చాలామంది గణాంకాల సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్ తెరిచి, నేరుగా డేటా వ్యూలో (జవాబులు నింపే పట్టికలో) అంకెలు కొట్టేస్తారు. తొందరపడొద్దు. తెర కింద ఉన్న వేరియబుల్ వ్యూ ముందు తెరవండి; ఒక్కో ప్రశ్నకు, అంటే వేరియబుల్‌కు, వివరాలు రాసేది అక్కడే. వేరియబుల్ పేరులో ఖాళీ ఉండకూడదు, అంకెతో మొదలవకూడదు. పూర్తి ప్రశ్న లేబుల్ గడిలో, జవాబుల కోడ్‌లు వాల్యూస్ గడిలో రాయండి. మిర్చి రకాలకైతే: 1 తేజ, 2 బ్యాడిగి, 3 ఆర్మూర్.

అసలు తిప్పలన్నీ జవాబు రాని గడులతోనే. దిగుబడి గడిలో జవాబు లేదనడానికి 99 కొట్టి, వేరియబుల్ వ్యూలోని మిస్సింగ్ గడిలో ఆ సంగతి చెప్పకపోతే ఎస్‌పీఎస్‌ఎస్ దాన్నీ దిగుబడిగానే లెక్కేస్తుంది. ఎకరాకు 20 క్వింటాళ్లు తీసిన నలుగురి పక్కన ఒక్క 99 చేరితే సగటు 35.8కి ఎగబాకుతుంది! వయసుకైతే 999 మేలు; తొంభై తొమ్మిదేళ్ల తాతలూ ఉంటారు మరి.

ఆనక ఫ్రీక్వెన్సీస్ నడపండి; ఏ కోడ్ ఎన్నిసార్లు వచ్చిందో చూపిస్తుంది. రకాల్లో 11 కనబడితే 1 రెండుసార్లు పడి ఉండొచ్చు, ఫారం తీసి సరిచూడండి. ఓకే బదులు పేస్ట్ నొక్కితే ఆ కమాండ్ సింటాక్స్ విండోలోకి (కమాండ్‌లు అక్షరాల్లో కనబడే చోటికి) వస్తుంది, సేవ్ చేసుకోండి.