మిద్దె మీద శ్రవణం
రాత్రి అనంతపురంలో కరెంటు పోతే చాప తీసుకుని మిద్దెక్కాం. నడినెత్తిన శ్రవణం నక్షత్రం (ఆల్టెయిర్). "మామా, అది గుండ్రంగానే ఉంటుందా?" అనింది అక్క కూతురు. ఉండదు! సూర్యుడి నడుము ఒక చుట్టు తిరగడానికి దాదాపు 25 రోజులు పడితే, అది సుమారు 9 గంటల్లో తిరిగేస్తుంది. అందుకే నడుము ఉబ్బి, అక్కడ కాస్త చల్లబడింది.

ఒక అంచు మనవైపు వస్తూ, ఇంకోటి దూరం పోతూ ఉంటే వర్ణపటంలో (రంగులుగా విడగొట్టిన దాని వెలుగులో) కనిపించే నల్ల గీతలు తడిసిన సిరాలా అలుక్కుపోతాయి. నక్షత్రం ఏ తరగతిదో తేల్చేది ఆ గీతల్ని చూసే కదా, అదీ తలనొప్పి.

నాకు మాత్రం అభిజిత్ (వేగా) నక్షత్రమే వింత. ఏ0 అనే నక్షత్ర తరగతికి కొలబద్ద అది. గీతలు సన్నగా ఉంటే నిదానమైనదే అనుకున్నారు. తీరా అదీ బొంగరమే! మనకు కనిపించేది దాదాపు దాని ధ్రువం వైపు, అందుకే అంచులు మనవైపు రావడం, దూరం పోవడం పెద్దగా తెలియదు, అంతే.

ఇది చెప్పేలోపే కరెంటొచ్చింది. పిల్ల టీవీ ముందుకు పరుగు.